దుమ్ము గోడ ఎప్పుడొస్తుంది? ఎడారి ధూళి సూచనలు చదవడం ఎలా

జూన్ నెల వచ్చిందంటే ఫీనిక్స్ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళలో రెండు సంగతులు ఖాయం. ఒకటి, ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగుతారు. రెండు, దుమారాల కాలం మొదలవుతుంది. నేషనల్ వెదర్ సర్వీస్ 2008 నుంచి జూన్ 15 మొదలు సెప్టెంబర్ 30 దాకా ఇక్కడి మాన్సూన్ కాలంగా లెక్కిస్తోంది. పెద్దవాళ్ళు పగలంతా 110 డిగ్రీల ఎండకు ఇంట్లోనే కూర్చుని, పొద్దుగూకే వేళకి నడకకు బయల్దేరతారు. దుమ్ము గోడలు లేచేది కూడా ఎక్కువగా ఆ వేళకే.

ఈ దుమ్ము గోడకి ఇక్కడి పేరు హబూబ్. వీచడం అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి, సూడాన్ మీదుగా వచ్చిన పేరు. అరిజోనా దుమారాలకు ఈ పేరు 1972లో వచ్చిన ఒక శాస్త్ర వ్యాసంతో అంటుకుంది. 2011 జూలై 5 సాయంత్రం ఫీనిక్స్‌ను కమ్మేసిన హబూబ్ తర్వాత ఈ మాట తెలియనివాళ్ళు ఇక్కడ లేరు. ఆ రోజు దుమ్ము గోడ ఎత్తు కనీసం 5,000 నుంచి 6,000 అడుగులు, వెడల్పు దాదాపు 100 మైళ్ళు, అది ప్రయాణించిన దూరం కనీసం 150 మైళ్ళు. నిమిషాల్లో ఎదురుగా ఉన్నది కనబడకుండా పోయింది, విమానాలు ఆగిపోయాయి.

ఇంత పెద్ద వస్తువు వస్తుంటే ముందే తెలియదా? నేను మెకానికల్‌లో మాస్టర్స్ చేసి, చాలామంది లాగే సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డవాణ్ణి. వాతావరణ శాస్త్రవేత్తను కాను. కానీ ఉండేది చాండ్లర్‌లో, ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నారు. అందుకని ఈ సూచనలు ఎలా తయారవుతాయో, ఎంతవరకు నమ్మవచ్చో కొన్నేళ్ళుగా చదువుతూ వచ్చాను. మన పాఠకులకు పనికొస్తుందని ఆ విషయాలన్నీ ఒకచోట పెడుతున్నాను. అరిజోనాలో లేనివాళ్ళకు కూడా ఇందులో పనికొచ్చేవి ఉన్నాయి.

ఇసుక వేరు, దుమ్ము వేరు

ముందు ఒక చిన్న తేడా తెలుసుకోవాలి. అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో హగరి నది ఇసుక గాలికి కొట్టుకొచ్చి పొలాల్లో మేటలు వేస్తుంది. ఆ ఇసుక గాలితో పాటే కదులుతుంది గానీ, ఎగిరి హైదరాబాద్ దాకా రాదు. రేణువు బరువైనది, కాస్త లేచి మళ్ళీ కింద పడుతుంది. దుమ్ము అలా కాదు. 20 మైక్రాన్ల కంటే సన్నని రేణువులు ఒకసారి పైకి లేస్తే గంటలు, రోజులు గాలిలోనే ఉండగలవు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పి.ఎం. 10 అంటే 10 మైక్రాన్లు, అంతకంటే చిన్నవైన రేణువులు. పి.ఎం. 2.5 ఇంకా సన్నవి, ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయేవి.

తమాషా ఏమిటంటే, ఈ సన్నని దుమ్మును గాలి నేరుగా లేపలేదు. మరీ సన్నటి రేణువులు ఒకదానికొకటి, నేలకీ అంటుకుని ఉంటాయి. గాలికి ముందుగా కదిలేది ఒక మిల్లీమీటరులో పదో వంతు ఉండే సన్న ఇసుక. అది గెంతుతూ పోయి నేలను కొడుతుంది. ఆ దెబ్బకు అతుక్కున్న దుమ్ము విడిపోయి పైకి లేస్తుంది. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు లిబియా ఎడారిలో తిరిగి, తర్వాత ప్రయోగశాలలో గాలి సొరంగం పెట్టి, ఇసుక గాలికి ఎలా కదులుతుందో లెక్క కట్టాడు. 1941లో వచ్చిన ఆయన పుస్తకమే ఈ విషయానికి నేటికీ పునాది.

ఆ లెక్కలో మనం గుర్తుపెట్టుకోవలసినవి రెండు. మొదటిది, గాలి ఒక హద్దు దాటేదాకా నేల కదలదు. నేల తడిగా ఉన్నా, పైన పెచ్చు కట్టినా, గడ్డి ఉన్నా ఆ హద్దు పెరుగుతుంది. దున్నినా, బండ్లు తొక్కినా తగ్గుతుంది. రెండోది, హద్దు దాటాక కొట్టుకుపోయే మట్టి సుమారుగా గాలి వేగపు ఘనంతో పెరుగుతుంది. గాలి గంటకు 20 మైళ్ళ నుంచి 30 మైళ్ళకు పెరిగితే గాలి ఒకటిన్నర రెట్లయింది, మట్టి మూడు రెట్లు దాటింది. దీన్నే తిప్పి చూస్తే సూచన ఎందుకు కష్టమో అర్థమవుతుంది. కంప్యూటర్ మోడల్ గాలి వేగాన్ని పది శాతం ఎక్కువ చెప్పిందంటే, దుమ్మును మూడో వంతు ఎక్కువ చెప్పినట్టే. గాలి సూచనలో పట్టించుకోనంత చిన్న తప్పు దుమ్ము సూచనలోకి వచ్చేసరికి పెద్దదవుతుంది.

దుమారాలన్నీ ఒకటి కావు

సూచన చదివే ముందు మన ఊరికి వచ్చేది ఏ రకం దుమ్మో తెలియాలి. నేను వీటిని మూడుగా చూస్తాను.

మొదటిది దూరదేశపు దుమ్ము. 2020 జూన్‌లో సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులను కమ్మి, అమెరికా దక్షిణ తీరానికి, టెక్సాస్‌కు చేరింది. ఇలాంటి దుమ్మును ముందే చెప్పడం కొంత తేలిక. కారణం, అది ఎప్పుడో లేచింది, ఉపగ్రహాలకు కనబడుతోంది, మిగిలిన ప్రశ్న ఎటు పోతుందనేదే. నాలుగైదు రోజుల ముందు చెప్పే సూచనలు కూడా ఇక్కడ పనికొస్తాయి. హ్యూస్టన్, డల్లాస్ మిత్రులకు తగిలేది ఎక్కువగా ఈ రకం.

రెండోది పెద్ద గాలుల దుమ్ము. చలికాలంలో, వసంతంలో పడమటి నుంచి వాయు ద్రోణి దాటేటప్పుడు వందల మైళ్ళ మేర బలమైన గాలులు వీస్తాయి. న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సాస్‌లకు ఇది బాగా తెలుసు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు ఎరిగిన షమాల్ గాలి కూడా ఇలాంటి పెద్ద గాలే. 2022 మే నెలలో ఇరాక్‌లో వేలమందిని ఆసుపత్రులకు పంపి, కువైట్ విమానాశ్రయాన్ని కాసేపు ఆపిన దుమ్ము మన గల్ఫ్ సోదరులకు గుర్తుండే ఉంటుంది. ఇంత పెద్ద గాలులను వాతావరణ మోడల్స్ రెండు మూడు రోజుల ముందే పసిగడతాయి.

మూడోది హబూబ్. ఉరుముల మేఘం నుంచి పడే వాన ఎడారి పొడిగాలిలో దారిలోనే చాలావరకు ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి ధబీమని కిందపడి నేల వెంట నలుదిక్కులా పరుచుకుంటుంది. సిమెంటు నేల మీద బకెట్ నీళ్ళు గుమ్మరిస్తే అంచు ఎలా పరుగెత్తుతుందో అలాగ. ఆ అంచు దున్నిన పొలాల మీదుగా పోతే దుమ్ము గోడ లేస్తుంది. అంటే హబూబ్ రేపు వస్తుందో రాదో చెప్పాలంటే, రేపు సాయంత్రం ఏ మేఘం ఏ చోట కూలుతుందో చెప్పాలి. అదే అసలు చిక్కు.

మోడల్ లోపల ఏముంది?

దుమ్ము మోడల్ అంటే వాతావరణ మోడల్‌కు తగిలించిన ఇంకో భాగం. వాతావరణ మోడల్ గాలి, తేమ, ఉష్ణోగ్రత ఇస్తుంది. దుమ్ము భాగం నాలుగు పనులు చేస్తుంది: ఏ నేల నుంచి ఎంత లేస్తుందో లెక్క కట్టడం, లేచినదాన్ని గాలితో మోయడం, బరువుకు కొంత, వానకు కొంత కిందకి దించడం, చివరికి మన ముక్కు ఎత్తులో ఎంత ఉందో చెప్పడం.

అమెరికా నైరుతి ప్రాంతంలో దీని చరిత్ర ఆసక్తిగా ఉంటుంది. స్లోబోదాన్ నిచ్కోవిచ్ బృందం 2001లో ప్రచురించిన 'డ్రీమ్' అనే ధూళి మోడల్‌ను అరిజోనా, న్యూ మెక్సికో విశ్వవిద్యాలయాల వాళ్ళు నాసా సాయంతో ఇక్కడి ఎడారికి మలిచారు. వాళ్ళు చేసిన ముఖ్యమైన పని, నేల వివరాలు మార్చడం. ఎక్కడ ఎడారి, ఎక్కడ పొలం అని చెప్పే పాత పటాన్ని తీసేసి, మోడిస్ అనే ఉపగ్రహ పరికరం చూసిన కొత్త నేలను పెట్టారు. 2011 జూలై 5 హబూబ్‌ను కూడా తర్వాత ఈ మోడల్‌తో 4 కిలోమీటర్ల గడులు పెట్టి తిరిగి నడిపి చూశారు. 2014లో ప్రచురించిన ఆ పరిశోధన సారం ఇది: గడి చిన్నదిగా ఉండాలి, దుమ్ము లేచే చోట్ల పటం తాజాగా ఉండాలి.

గడి సంగతి ముందు చూద్దాం. ప్రపంచమంతటికీ సూచన ఇచ్చే యూరప్ వారి కోపర్నికస్ వ్యవస్థ సుమారు 40 కిలోమీటర్ల గడితో ఐదు రోజుల సూచన ఇస్తుంది. సహారా దుమ్ముకు అది చాలు. కానీ ఒక ఉరుముల మేఘం ఆ గడిలో మాయమైపోతుంది. అందుకే ప్రపంచ మోడల్స్‌కు హబూబ్‌లు సరిగ్గా కనబడవు. అమెరికాలో గంటకోసారి నడిచే 3 కిలోమీటర్ల వాతావరణ మోడల్ మేఘం కూలడాన్ని, ఆ గాలి పరుచుకోవడాన్ని కొంతవరకు చూపగలదు. ఇక్కడి సూచనకర్తలు సాయంత్రం గాలుల కోసం ఇలాంటివే చూస్తారు.

ఇక నేల పటం. ఫీనిక్స్‌కు వచ్చే దుమ్ములో చాలా భాగం దక్షిణాన పినాల్ కౌంటీ వైపు నుంచి, అంటే టూసాన్ దారిలోని పొలాలు, బీళ్ళ మీదుగా వస్తుంది. కొలరాడో నదిలో నీళ్ళు తగ్గి 2021 ఆగస్టులో ప్రభుత్వం మొదటిసారి కొరత ప్రకటించింది. 2022 నుంచి పినాల్ రైతులకు కాలువ నీళ్ళు తెగిపోయి చాలా పొలాలు బీడు పడ్డాయి. పంట ఉన్న పొలం దుమ్ము లేపదు, బీడు లేపుతుంది. మోడల్‌లోని పటం మాత్రం అక్కడ ఇంకా పంట ఉందనుకుంటే? సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది కొత్త కథ కాదు. కోడ్ సరిగ్గానే ఉంటుంది, కాన్ఫిగరేషన్ పాతబడుతుంది. నాసా 2022 జూలైలో అంతరిక్ష కేంద్రానికి పంపిన ఎమిట్ అనే పరికరం పని కూడా ప్రపంచంలో దుమ్ము లేచే నేలల్లో ఏయే ఖనిజాలున్నాయో పటం గీయడమే.

లేచిన దుమ్మును గోస్ వాతావరణ ఉపగ్రహం ఐదు నిమిషాలకోసారి ఫోటో తీస్తుంది. రాత్రి కూడా పరారుణ కిరణాలతో చూసి, దుమ్మును గులాబీ రంగులో చూపిస్తుంది. కాకపోతే ఉపగ్రహం పైనుంచి కింద దాకా మొత్తం గాలిని చూస్తుంది, దుమ్ము మన ముక్కు దగ్గర ఉందో, రెండు మైళ్ళ పైన పోతోందో చెప్పలేదు. మేఘం కింద ఉన్న దుమ్ము దానికి అసలు కనబడదు. హబూబ్ పుట్టేది మేఘం పక్కనే కదా.

"వస్తుందా, రాదా? ఒక్క ముక్కలో చెప్పు"

నేనీ వివరాలన్నీ చెబుతుంటే మా నాన్నగారు ఒకసారి అడిగిన ప్రశ్న ఇది. ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే, సూచనల పట్ల మన చిరాకంతా ఈ ప్రశ్నలోనే ఉందనిపించింది. మనం ఒకే ప్రశ్న అనుకుంటాం, నిజానికి అవి మూడు.

ఈ వారం ఎలా ఉంటుంది? ఇది రోజుల లెక్క. తేమ వస్తోందా, పెద్ద గాలులున్నాయా అన్నంతవరకు చెప్పవచ్చు.

ఈ సాయంత్రం ఎలా ఉంటుంది? ఇది గంటల లెక్క. దక్షిణాన మేఘాలు కడుతున్నాయి, గాలి ఉత్తరానికి రావచ్చు, అవకాశం ఇంత అని చెప్పవచ్చు.

ఇప్పుడు నా మీదికి వస్తోందా? ఇది నిమిషాల లెక్క. ఇక్కడ మోడల్ పని అయిపోయింది. రాడార్, ఉపగ్రహం, దారి పక్క కెమెరా, సెన్సర్ చూసి మనుషులు హెచ్చరిక ఇస్తారు. కాసా గ్రాండే దగ్గర లేచిన గోడ గంటకు 40 మైళ్ళ వేగంతో వస్తే చాండ్లర్‌కు గంటలోపే చేరుతుంది. ఆ గంటలో హెచ్చరిక మన చేతికి అందాలి.

వారం సూచనను పట్టుకుని నిమిషాల ప్రశ్న వేస్తే అది ఎప్పుడూ తప్పినట్టే కనబడుతుంది. మోడల్ చెప్పిన హబూబ్ 20 మైళ్ళ పక్కగా వచ్చిందనుకోండి. లెక్కల్లో దానికి రెండు శిక్షలు పడతాయి: చెప్పిన చోట రాలేదని ఒకటి, వచ్చిన చోట చెప్పలేదని ఇంకొకటి. సూచనకర్తకు మాత్రం అది మంచి సూచనే, ఆ సాయంత్రం జాగ్రత్తగా ఉండమని అది చెప్పగలిగింది. అందుకే అవకాశాన్ని శాతాల్లో చెబుతారు. 30 శాతం అని చెప్పిన పది రోజుల్లో మూడు రోజులు వస్తే ఆ సూచన సరిగ్గా ఉన్నట్టు. మిగిలిన ఏడు రోజులు చూసి అబద్ధం చెప్పారనుకుంటే నష్టపోయేది మనమే.

మూడో ప్రశ్నకు జవాబులో రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి. చూపు మైలు నుంచి పావు మైలు దాకా తగ్గితే డస్ట్ అడ్వైజరీ. గాలి బలంగా ఉండి చూపు పావు మైలుకు పడిపోతే డస్ట్ స్టార్మ్ వార్నింగ్. ఈ వార్నింగ్ మీరున్న చోటికి వర్తిస్తే ఫోన్ పెద్దగా మోగుతుంది. ఆ మోతలు చిరాకని సెట్టింగ్స్‌లో ఆపేసినవాళ్ళు మనలో తక్కువేమీ కాదు. దయచేసి మళ్ళీ ఆన్ చేయండి. అమ్మానాన్నల ఫోన్లలో కూడా.

ఏక్యూఐ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఇప్పుడు గాలి నాణ్యత. రోజూ మనం చూసే ఏక్యూఐ అంకె రోజు మొత్తం సగటు మీద కట్టినది. అమెరికాలో పి.ఎం. 10కి హద్దు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు. ఇండియాలో 100. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 45.

ఒక ఊహా లెక్క చేద్దాం. ఒక రోజు 23 గంటలు గాలి శుభ్రంగా ఉంది, పి.ఎం. 10 గంటకు 30 చొప్పున. సాయంత్రం ఒక్క గంట దుమారం వచ్చి ఆ గంట సగటు 2,000 అయింది. రోజు సగటు ఎంత? 23ని 30తో గుణిస్తే 690, దానికి 2,000 కలిపితే 2,690, 24తో భాగిస్తే సుమారు 112. ఏక్యూఐలో ఇది 79 దగ్గర పడుతుంది. రంగు పసుపు, మాట 'మోడరేట్'. ఆ ఒక్క గంట బయట నడిచిన ఆస్త్మా మనిషి పీల్చిన గాలికీ, ఈ పసుపు రంగుకూ సంబంధం లేదు. 2011 జూలై 5న కొన్ని చోట్ల పి.ఎం. 10 నిజంగానే వేలల్లోకి వెళ్ళింది.

కనుక రేపటికి మోడరేట్ అని చెప్పి సాయంత్రం గోడ వస్తే సూచన తప్పిందనుకోనక్కర లేదు. అది రోజు ప్రశ్నకు జవాబు, మనకు కావలసినది గంట ప్రశ్నకు జవాబు. ఎయిర్‌నౌ లాంటి చోట కనబడే 'ప్రస్తుత' అంకె కూడా ఈ నిమిషానిది కాదు. గత 12 గంటల కొలతలకు, కొత్త గంటలకు ఎక్కువ బరువిచ్చి కట్టే సగటు అది. గోడ వచ్చిన వెంటనే అంకె పెరగదు, పోయాక వెంటనే తగ్గదు. గంటవారీ పి.ఎం. 10 కొలత దొరికితే అదే చూడండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. కొన్ని ఫోన్ యాప్‌లు పి.ఎం. 2.5 మాత్రమే చూపిస్తాయి. ఎడారి దుమ్ములో ఎక్కువ బరువు ముతక రేణువులదే కాబట్టి ఆ యాప్‌లలో దుమారం చిన్నగా కనబడుతుంది. పెరట్లో తగిలించుకునే చవక లేజర్ సెన్సర్ల సంగతీ అంతే. పొగను బాగా పడతాయి, ముతక దుమ్మును చాలా తక్కువ చూపిస్తాయి.

చట్టంలో కూడా ఒక వెసులుబాటు ఉంది. గాలి దుమారం వల్ల హద్దు దాటిన రోజును, తగిన ఆధారాలు చూపితే, 'అసాధారణ సంఘటన' కింద లెక్క నుంచి తప్పించవచ్చు. మనిషి ఆపలేని గాలికి ఊరిని శిక్షించకూడదన్నది దాని ఉద్దేశం, అది న్యాయమే. కానీ అలా తీసేసింది లెక్కలోంచి మాత్రమే, పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లోంచి కాదు. ఏడాది చివర నివేదిక బాగుంది కాబట్టి గాలి బాగుందనుకోవడానికి లేదు.

వ్యాలీ ఫీవర్: వైద్యుడికి చెప్పవలసిన ఒక్క మాట

అరిజోనా, కాలిఫోర్నియా మట్టిలో కాక్సిడియోయిడిస్ అనే బూజు ఉంటుంది. దాని బీజాలు గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే వ్యాలీ ఫీవర్ వస్తుంది. ఎక్కువమందికి లక్షణాలే ఉండవు. కొందరికి ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం వస్తాయి. మధుమేహం ఉన్నవాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువైనవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

దుమారానికీ దీనికీ ఎంత సంబంధం? 1994లో కాలిఫోర్నియా నార్త్‌రిడ్జ్ భూకంపానికి కొండచరియలు విరిగి దుమ్ము లేచాక వెంచురా కౌంటీలో 200కు పైగా కేసులు వచ్చాయి. 2017లో ఒక అధ్యయనం నైరుతి అమెరికాలో దుమారాలు 1990ల కంటే 2000లలో రెట్టింపు దాటాయని, వ్యాలీ ఫీవర్‌తో పొంతన ఉందని చెప్పింది. 2021లో ఇంకో అధ్యయనం అరిజోనా, కాలిఫోర్నియా లెక్కలు తిరగేసి, దుమారాలకూ కేసులకూ నిలకడైన సంబంధం లేదంది. ఇంటి పక్కన తవ్వే పునాది దుమ్ము కూడా బీజాలు మోసుకు రాగలదు. హబూబ్ రాలేదు కదా అని నిశ్చింతగా ఉండనక్కర లేదు, వచ్చింది కదా అని హడలిపోనక్కరా లేదు.

మనవాళ్ళకు ముఖ్యమైన సంగతి ఇది. అమ్మానాన్నలు ఆరు నెలలుండి హైదరాబాదో, విజయవాడో తిరిగి వెళ్ళాక దగ్గు, జ్వరం మొదలైతే అక్కడి వైద్యుడికి వ్యాలీ ఫీవర్ తడితే గొప్పే. ఎక్స్‌రేలో అది న్యూమోనియాలా, క్షయలా కనబడగలదు. మామూలు యాంటిబయాటిక్ దీని మీద పనిచేయదు. కాబట్టి "అరిజోనాలో ఉండి వచ్చాం" అన్న ఒక్క మాట వైద్యుడికి చెప్పమనండి. కాగితం మీద జబ్బు పేరు రాసి పంపినా తప్పు లేదు.

దారి మీద ఉన్నప్పుడు

దుమారం ప్రాణం తీసేది ఎక్కువగా రోడ్డు మీదే. 1991 నవంబర్‌లో కాలిఫోర్నియా ఐ-5 మీద దుమ్ములో వందకు పైగా వాహనాలు ఢీకొని 17 మంది చనిపోయారు. 2013 అక్టోబర్‌లో ఫీనిక్స్, టూసాన్ మధ్య పికాచో పీక్ దగ్గర ఐ-10 మీద 19 వాహనాలు ఢీకొని ముగ్గురు పోయారు. అది మాన్సూన్ కాలం కాదు, పెద్ద గాలుల దుమ్ము. 2023 మే 1న ఎడారే లేని ఇల్లినాయ్‌లో, అప్పుడే దున్నిన పొలాల మట్టి లేచి ఐ-55 మీద 72 వాహనాలు చిక్కుకున్నాయి. దుమ్ముకు ఎడారే ఉండాలని లేదు, పొడినేల, గాలి చాలు.

పికాచో దగ్గర 10 మైళ్ళ మేర అరిజోనా రవాణా శాఖ 2020లో ఒక వ్యవస్థ పెట్టింది. రాడార్ దూరం నుంచే దుమారాన్ని పసిగడుతుంది, దారి పక్క సెన్సర్లు చూపును కొలుస్తాయి, ఎలక్ట్రానిక్ బోర్డుల మీద వేగ పరిమితి దానంతటదే 75 నుంచి 35 దాకా దిగుతుంది. నిమిషాల ప్రశ్నకు ఇచ్చిన మంచి జవాబు ఇది. కానీ ఆ 10 మైళ్ళకు మాత్రమే.

మిగతా చోట మన జాగ్రత్తే మనకు దిక్కు. గోడ దూరంగా కనబడితే ముందున్న ఎగ్జిట్‌లో దిగిపోండి, అందులోకి మాత్రం దూసుకుపోవద్దు. చిక్కుకుంటే రోడ్డు మీద ఆగకుండా, వీలైనంత పక్కకు, తెల్లగీత అవతలికి వెళ్ళి ఆపండి. తర్వాత లైట్లన్నీ ఆర్పేయండి, ఫ్లాషర్లతో సహా. హ్యాండ్ బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్ మీంచి కాలు తీయండి. సీట్ బెల్ట్ పెట్టుకునే ఉండండి. లైట్లు ఆర్పడం విన్నవాళ్ళకు వింతగా ఉంటుంది. కారణం ఇది: దుమ్ములో వెనకవాడికి రోడ్డు కనబడదు, మీ ఎర్రలైటు ఒక్కటే కనబడుతుంది. మీరు రోడ్డు మీదే పోతున్నారనుకుని ఆ లైటు వెంట వచ్చి గుద్దేస్తాడు.

ఇంట్లో ఉన్నప్పుడు

వారం మొదట్లో వెదర్ సర్వీస్ రాసే వివరణ ఒకసారి చదవండి. మధ్యాహ్నం మూడింటికి దక్షిణాన మేఘాలు కడుతున్నాయేమో రాడార్‌లో చూడండి. కడుతుంటే పెద్దవాళ్ళ నడకను పొద్దున్నకు మార్చండి, లేదా మాల్‌కు తీసుకెళ్ళండి. గోడ వస్తే కిటికీలు మూసేయండి. సెంట్రల్ ఏసీ లోపలి గాలినే తిప్పుతుంది కాబట్టి నడవనివ్వండి. స్వాంప్ కూలర్ బయటి గాలిని లాగుతుంది కాబట్టి ఆపేయండి. గోడ దాటినా సన్నని దుమ్ము ఇంకా గాలిలో తేలుతూ ఉంటుంది, కాసేపు ఆగి బయటికి వెళ్ళండి. మర్నాడు పెరడు ఊడ్చేటప్పుడు ముందు నీళ్ళు చల్లి, ఎన్-95 మాస్క్ పెట్టుకోండి. ముఖానికి వదులుగా ఉండే గుడ్డ మాస్క్ సన్నని దుమ్మును ఆపదు. ఏసీ ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి, ఎంత దుమ్ము వచ్చిందో ఏ యాప్ కంటే బాగా చెబుతుంది. ఆస్త్మా ఉన్న పిల్లల ఇన్‌హేలర్ ఎక్కడుందో సీజన్ మొదట్లోనే చూసి పెట్టుకోండి.

గల్ఫ్‌లో ఉన్న మన పాఠకులు బార్సెలోనాలోని ప్రాంతీయ ధూళి కేంద్రం ఇచ్చే సూచనలు చూడవచ్చు. ప్రపంచ వాతావరణ సంస్థ తరఫున పనిచేసే ఈ కేంద్రం ఉత్తర ఆఫ్రికా, మధ్యప్రాచ్యాలకు అనేక మోడల్స్‌ను పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. అన్నీ ఒకే మాట చెబితే నమ్మకం ఎక్కువ పెట్టుకోవచ్చు, తలోదారి పోతే అప్రమత్తంగా ఉండాలి.

మా నాన్నగారికి ఇప్పుడు నేనిచ్చే జవాబు కొంచెం మారింది. "ఈ వారం రావచ్చు. ఈ సాయంత్రం సంగతి మూడింటికి చెబుతాను. ఫోన్ మోగితే మాత్రం నన్ను అడక్కుండా ఇంట్లోకి వచ్చేయండి." ఒక్క ముక్క కాదు, మూడు ముక్కలు. సైన్సు ఇవ్వగలిగిన జవాబు ప్రస్తుతానికి అదే, సరిగ్గా వాడుకుంటే అది చాలు.